మూడు టక్కులు

చెప్పులు బయట విడవకండి. ఇల్లు మనవాళ్లదే, గుమ్మానికి తోరణం కూడా ఉంది. కానీ మనం వెళ్తున్నది ఇంట్లోకి కాదు, గరాజులోకి. అక్కడ నేల మీద ఏ బోల్టు ఎక్కడ దొర్లుతోందో బావకే తెలియదు.

జులై నెల, శనివారం, పొద్దున్న ఆరున్నర. డాలస్‌కి ఉత్తరాన ఒక కాలనీ. ఇంకో మూడు గంటలు పోతే ఈ గరాజు ఇటుకబట్టీ అయిపోతుంది, అందుకే ఇంత పెందలాడే మొదలుపెట్టాం. గోడవార రెండు సోనా మసూరి బస్తాలు, వాటికి ఆనించి ఒక జత రేసు టైర్లు. మధ్యలో, నాలుగు ఇనప స్టాండ్ల మీద నేలకి రెండడుగుల ఎత్తున, ఎర్రటి షెవర్లే కమారో జెడ్28. 2000 మోడలు.

కిందికి వంగండి. రెండు కాళ్లు కనిపిస్తున్నాయా? అవి మా బావవి. మా మేనత్త కొడుకు. వారమంతా ఒక బ్యాంకు కోసం కోడ్ రాస్తాడు. పెరిగింది మాత్రం విజయవాడ ఆటోనగర్లో, వాళ్ల నాన్న లారీ షెడ్డులో. పలకా బలపం పట్టకముందే పానాల మీద నంబర్లు చదివేవాడని మా అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది.

"వచ్చావా బామ్మర్దీ? ఆ లైటు ఇలా పట్టు."

లైటు నేను పడతాను. మీరు ఈ అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరగండి. ఇప్పుడు పైకి చూడండి. ఇంజనుకీ వెనక ఇరుసుకీ మధ్య పొడుగాటి సొరంగంలా ఒక ఖాళీ ఉంది కదా? నిన్న రాత్రి దాకా అక్కడ ఆరు గేర్ల మాన్యువల్ గేరుబాక్సు ఉండేది. అదిగో, ఆ మూల పాత దుప్పటి మీద పడుకుని ఉంది. దాన్ని దించేసరికి నిన్న పదకొండయింది. క్లచ్చు, ఫ్లైవీలు కూడా ఊడదీశాక ఇంజను వెనక మిగిలింది ఇదే: క్రాంకు చివర, చుట్టూ ఆరు బోల్టు రంధ్రాలు. పైనున్నది 5.7 లీటర్ల వి8 ఇంజను. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 305 గుర్రాల బలం. బావ చేయి పడ్డాక ఇంకా పెరిగింది.

ఈపాటికి మీకో అనుమానం వచ్చి ఉండాలి. రేసు కారుకి ఆటోమేటిక్ గేర్లేమిటి? మన దగ్గర ఆటోమేటిక్ అంటే మెహిదీపట్నం ట్రాఫిక్‌లో ఎడమకాలి నొప్పికి మందు. చేతిలో ఉన్న ఆరు గేర్లని దించేసి, మూడంటే మూడు గేర్లున్న పాతకాలపు పెట్టెని ఎక్కించడం ఏసీ బస్సు దిగి పల్లెవెలుగు ఎక్కినట్టు లేదూ?

ఇదే మాట నేనూ అడిగాను. బావ జవాబు ఒక్క ముక్క: "నాకు కావలసింది స్పీడు కాదురా, నిలకడ."

ఆ మాటకి అర్థం తెలియాలంటే ఇతను ఆడే ఆట తెలియాలి. డ్రాగ్ రేసులో పావు మైలు, అంటే 402 మీటర్ల తిన్నని దారి. అందులో బ్రాకెట్ రేసు అని ఒక రకం. ఎవరి కారు ఎంతసేపట్లో ఆ దూరం దాటుతుందో వాళ్లే ముందుగా చెప్పి, బూట్ పాలిష్‌తో అద్దం మీద రాసుకోవాలి. మీరు 11.20 అని, పక్కవాడు 13.20 అని రాశారనుకోండి, వాడికి రెండు సెకన్ల ముందే దీపం వెలుగుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. తమాషా ఏమిటంటే, మీరు చెప్పినదానికంటే తొందరగా చేరినా మామూలుగా ఓడినట్టే. ఎంత వేగంగా పోయావు అని ఎవరూ అడగరు. చెప్పిన మాట మీద ఎంత దగ్గరగా నిలబడ్డావు అనే అడుగుతారు. మాన్యువల్ గేర్లతో బావ ఒకే సాయంత్రం 11.35, 11.80, 11.52 తీశాడు. క్లచ్చు మీద కాలు ఒకసారి ఒకలా పడుతుంది, ఒకసారి ఇంకోలా. కారుది తప్పు కాదు. కాలిది.

ఇక లేవండి, బల్ల దగ్గరికి రండి. పాత బెడ్‌షీటు మీద ఉన్నది కొత్త పెళ్లికొడుకు. టర్బో హైడ్రామాటిక్ 400. పేరులో టర్బో ఉందని మోసపోకండి, లోపల టర్బో ఏమీ లేదు. 1964 మోడలు క్యాడిలాక్‌లతో వచ్చిన పెట్టె ఇది. రోల్స్ రాయిస్ సిల్వర్ షాడోలో ఇదే ఉండేది. ఫెరారీ వాళ్లు మొట్టమొదటిసారి ఆటోమేటిక్ కారు అమ్మాలనుకున్నప్పుడు, 1976లో, తమ 400 ఆటోమేటిక్ కోసం దీన్నే తెచ్చుకున్నారు. అమెరికా సైన్యపు హమ్వీలూ దీని మీద నడిచాయి. బరువు 60 కిలోల పైమాటే. గేర్లు 2.48, 1.48, ఆఖరిది సూటిగా 1. కంప్యూటరు అక్కర్లేదు. లోపల నూనె ఒత్తిడే దీని మెదడు.

ఈ ఒక్కదాన్ని మాత్రం రేసుకి తగ్గట్టు విప్పి మార్చారు. గేర్లు దానంతటదే మార్చుకోదు. లోపలి వాల్వు బాడీ మార్చేశారు కాబట్టి లివరు లాగితేనే గేరు పడుతుంది. అదీ వరస తిరగేసి: న్యూట్రల్ తర్వాత ఒకటి, రెండు, మూడు. పై గేరుకి ఎప్పుడూ లివరు వెనక్కే లాగాలి. ముందుకు నెట్టే వరసైతే, ఆవేశంలో మూడుని దాటి న్యూట్రల్లోకి తోసేసే ప్రమాదం ఉంది. అంత పరుగులో ఇంజనుకి భారం తప్పిపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పక్కన నల్లగా, గుమ్మడికాయని అదిమినట్టున్నది టార్క్ కన్వర్టరు. ఎత్తి చూడండి. బరువుంది కదా? క్లచ్చు చేసే పని ఇది చేస్తుంది, కానీ రాపిడితో కాదు, నూనెతో. కుండలో కవ్వం తిప్పితే మజ్జిగ తిరుగుతుంది. ఆ తిరిగే మజ్జిగలో ఇంకో కవ్వం దించితే అదీ తిరగడం మొదలుపెడుతుంది. రెంటికీ ఎక్కడా ముడి లేదు, మధ్యలో మజ్జిగే. కన్వర్టరులో ఒక రెక్కల చక్రం ఇంజనుతో తిరుగుతుంది, ఎదురుగా ఉన్న రెక్కల చక్రం గేరుబాక్సుని తిప్పుతుంది. మధ్యలో స్టేటర్ అనే మూడోది తిరిగొచ్చే నూనెని మళ్లీ సరైన దిక్కుకి మళ్లించి, కదిలే క్షణంలో ఇంజను ఇచ్చే తిప్పుడు బలాన్ని ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. మామూలు కార్లలో కన్వర్టరు పెద్దది. ఇది చిన్నది. చిన్నదాన్ని వదులుగా కట్టారు కాబట్టి 4,000 చుట్ల దాకా ఇంజనుని ఎగరనిచ్చి, అప్పుడు గట్టిగా పట్టుకుంటుంది. ఇంజనుకి అసలు దమ్ము ఉన్నది అక్కడే.

"కబుర్లు చాలు, ప్లేటు అందుకో."

మళ్లీ కిందికి. బావ ఇప్పుడు క్రాంకు చివర పల్చటి ఉక్కు పళ్లెం బిగిస్తున్నాడు. ఫ్లైవీలు బదులు ఇది, ఫ్లెక్స్‌ప్లేటు. పళ్లెం కంటే ముందు ఒక ఉంగరం పెట్టాడు, చూశారా? ఈ తరం షెవర్లే ఇంజన్లలో క్రాంకు చివర పాతవాటికంటే దాదాపు 10 మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. గేరుబాక్సేమో పాతకాలపుది. ఈ ఉంగరం ఆ రెండు తరాల మధ్య పెద్దమనిషి. ఇది లేకుండా బిగిస్తే పళ్లెం కన్వర్టరుని అందుకోలేక వంగి, కొన్నాళ్లకి చీలుతుంది.

ఆరు బోల్టులు. ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు. మొదటి చుట్టు 20 న్యూటన్ మీటర్లు, రెండో చుట్టు 50, మూడో చుట్టు 100. టార్క్ రించి ప్రతిసారీ చిటికె వేసినట్టు మోగుతోంది. బిగించిన ప్రతి తల మీదా బావ తెల్ల పెయింటుతో గీత గీస్తున్నాడు. లెక్క తప్పకుండా.

ఎనిమిదైంది. చెమట కళ్లలోకి కారుతోంది. అక్క స్టీలు గ్లాసుల్లో మజ్జిగ పెట్టి వెళ్లింది. గ్లాసు మీద నల్లటి వేలిముద్రలు పడతాయి, పర్వాలేదు, తాగండి.

ఇప్పుడు కాస్త దగ్గరికి రండి. ఈ పనంతటికీ ప్రాణం ఇక్కడే ఉంది.

గేరుబాక్సుని మూతి పైకి వచ్చేలా నిలబెట్టాం. బావ కన్వర్టరులో ఒక లీటరు ఎర్ర నూనె పోసి, నలువైపులా ఒలకబోసినట్టు తిప్పాడు, లోపల పొడిగా ఉండకూడదని. సీలు అంచుకి వేలితో నూనె రాశాడు. ఇప్పుడు కన్వర్టరుని గేరుబాక్సు ఇరుసు మీదికి దించుతున్నాడు. అది లోపల మూడు చోట్ల కూర్చోవాలి: ఇరుసు పళ్ల మీద ఒకసారి, స్టేటర్ పళ్ల మీద ఒకసారి, అన్నిటికంటే లోపల, నూనె పంపు గేరు చెవుల్లో ఒకసారి. కళ్లకి ఏమీ కనిపించదు. చేత్తో తిప్పుతూ, నెమ్మదిగా ఊపుతూ, చెవితోనే పట్టుకోవాలి.

మాట్లాడకండి.

తిప్పుతున్నాడు... టక్. సూదిమొన అంత కిందికి జారింది. తిప్పుతున్నాడు... టక్. ఇంకాస్త జారింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కూర్చున్నట్టే అనిపిస్తుంది, తిరుగుతుంది కూడా.

పోయినేడాది ఇదే గరాజులో స్నేహితుడి కారుకి బావ ఇక్కడే ఆగిపోయాడు. రేపు పొద్దున్నే రేసు, అర్ధరాత్రి దాటింది, నిద్రమత్తు. గేరుబాక్సుని పైకి లేపితే ఇంజనుకి వేలెడంత ఎడం ఉండిపోయింది. అదేముందిలే అని బోల్టులు పెట్టి, చుట్టూ కొంచెం కొంచెంగా బిగించి దగ్గరికి లాగాడు. ఎడం మూసుకుపోయింది. స్టార్ట్ చేసిన మరుక్షణం లోపల కంకరరాయి తిరగలిలో పడ్డ చప్పుడు. పంపు గేరు పగిలింది. నేలంతా ఎర్ర నూనె. మర్నాడు ఫోన్లో విని మావయ్య అన్నది ఒకటే: "బోల్టు ఉన్నది పట్టుకోవడానికిరా, లాగడానికి కాదు."

ఇప్పుడు బావ కళ్లు మూసుకున్నాడు. అరచేతులు రెండూ కన్వర్టరు మీద ఆనించి, గిన్నెలో పిండి కలుపుతున్నట్టు తిప్పుతున్నాడు. ఒక నిమిషం. పక్కింట్లో గడ్డి కోసే మెషిన్ మొదలైంది. బావ చేతులు ఆపేసి కూర్చున్నాడు. అది ఆ చివరికి వెళ్లేదాకా ఆగాడు. మళ్లీ తిప్పాడు. ఇంకో నిమిషం.

టక్.

ఇది వేరే చప్పుడు, విన్నారా? బరువైనది. కన్వర్టరు ఇంకో మెట్టు దిగింది. బావ నవ్వలేదు. గేరుబాక్సు మూతి మీద ఇనప స్కేలు అడ్డంగా పెట్టి, కన్వర్టరు ఎంత లోతులో ఉందో కొలిచి, చాక్‌పీస్‌తో నేల మీద రాసుకున్నాడు. మళ్లీ కొలిచాడు. అదే అంకె వచ్చింది. అప్పుడు నవ్వాడు.

పైకి ఎత్తడం మొరటు పని, త్వరగా దాటేద్దాం. జాకీ మీద పట్టీతో కట్టి, మూతి కొంచెం పైకి ఎత్తిపెట్టి లేపుతున్నాం, కష్టపడి కూర్చోబెట్టిన కన్వర్టరు ముందుకి జారకుండా. ఒక అంగుళం పైకి, అరంగుళం ముందుకి, కొంచెం ఎడమకి. "కుడికి, కుడికి... నీ కుడి కాదురా, నా కుడి!" ఇంజను వెనక ఉన్న రెండు పిన్నులు గేరుబాక్సు రంధ్రాల్లోకి దూరాయి. చివరి వేలెడు ఎడం, చూడండి, అరచేత్తో నెడితే చాలు, తలుపు చేరవేసినట్టు మూసుకుంది. బోల్టులకి ఇక పట్టుకునే పనే మిగిలింది.

ఇంకో పరీక్ష. లోపలికి చెయ్యి పెట్టి కన్వర్టరుని తిప్పండి. తేలిగ్గా తిరుగుతోందా? పళ్లేనికీ దానికీ మధ్య సన్నటి సందు ఉండాలి. ఒకటిన్నర మిల్లీమీటర్లకి తగ్గకూడదు, అయిదుకి చేరకూడదు. దీనికి గొప్ప పరికరాలేవీ అక్కర్లేదు. బావ మూడు మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుని తిరగేసి సందులో దూర్చాడు. బిగువుగా, కానీ ఆగకుండా దూరింది. ఇప్పుడు కన్వర్టరుని ఆ కాస్త దూరం ముందుకు లాగి పళ్లేనికి బోల్టులు వేస్తాడు. సందు బొత్తిగా లేకపోతే వేడికి ఉబ్బి పంపుని నొక్కేస్తుంది. మరీ ఎక్కువైతే చెవులు పంపులోంచి సగం బయటికి వచ్చేస్తాయి. మూడు మిల్లీమీటర్ల సందు, అంతే, ఈ పెట్టె బతుకంతా.

మధ్యాహ్నం. ఇటుకబట్టీ అంటే నమ్మారా ఇప్పుడు? పులిహోర తిని మళ్లీ దూరాం. ఈ కమారోలో వెనక ఇరుసు మెలితిరగకుండా టార్క్ ఆర్మ్ అని పొడుగాటి దూలం ఉంటుంది. దాని ముందు కొస పాత గేరుబాక్సు తోకకి వేలాడేది. కొత్తదానికి ఆ చోటు లేదు కనుక దాన్ని పట్టుకునే వేరే అడ్డదూలం బిగించాం. ప్రొపెల్లర్ షాఫ్టూ కొత్తదే: పాత యోకుకి లోపల 27 పళ్లు, కొత్త గేరుబాక్సుకి 32. కొలత ఎలా తీసుకోవాలో చూడండి. యోకుని అడుగంటా లోపలికి నెట్టి, అక్కణ్ణుంచి ఒక అంగుళం వెనక్కి లాగి, అక్కడ కొలిచాం. ఇరుసు ఊగినప్పుడు ఆడటానికి ఆ జాగా ఉండాలి.

తర్వాత షాఫ్టు చుట్టూ ఉక్కు కడియం. ముందు జాయింటుకి ఆరంగుళాల లోపే ఉండాలని నియమం. జాయింటు తెగితే షాఫ్టు నేలకి గుచ్చుకుని కారుని పల్టీ కొట్టించకుండా. గేరుబాక్సు చుట్టూ బెల్టులున్న ఈ మందపాటి దుప్పటి కూడా అందుకే. ఇది ఉత్తి భయం కాదు. 1970 మార్చి 8న, కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ కారు బయల్దేరే గీత దగ్గరే రెండు గేర్ల పెట్టె పేలింది. కారు రెండు ముక్కలైంది, అతని కుడిపాదంలో కొంత భాగం పోయింది. అప్పటి కార్లలో ఇంజనూ గేరుబాక్సూ డ్రైవరు కాళ్ల దగ్గరే ఉండేవి. ఆసుపత్రి మంచం మీదే అతను ఇంజనుని వీపు వెనక్కి మార్చే ఆలోచన పట్టుకున్నాడు. 1971లో ఆ కారుతో గెలవడం మొదలుపెట్టాక, మిగతావాళ్లంతా అదే దారి పట్టారు. బావ బెల్టులు బిగిస్తూ ప్రతి బక్కిల్నీ రెండుసార్లు లాగి చూడటం మీరు గమనించే ఉంటారు.

ఆఖరికి ఒక తీగ. స్టీరింగు మీది మీట నుంచి గేరుబాక్సు దాకా. దీన్ని ట్రాన్స్‌బ్రేక్ అంటారు. మీట నొక్కి పట్టుకుంటే మొదటి గేరూ వెనక గేరూ రెండూ ఒకేసారి పడతాయి. రెండు ఎడ్లని చెరో దిక్కుకీ కట్టినట్టు, బండి ఎటూ కదలదు. ఇంజను ఎంత గర్జించినా సరే. మీట వదిలిన క్షణం వెనకెద్దు తాడు తెగుతుంది.

సాయంత్రం ఆరు. నూనె పోశాం. మీరు ఎడమ సీట్లో కాదు, కుడి సీట్లో కూర్చోండి. న్యూట్రల్లో తప్ప స్టార్ట్ కాకుండా స్విచ్చు ఉంది, బావ ముందు దాన్ని పరీక్షించాడు. ఇప్పుడు తాళం తిప్పాడు. ఇంజను లేచింది. పోయినేడాది చప్పుడు కోసం ముగ్గురం చెవులు రిక్కించాం. లేదు. పంపు నూనె పీల్చుకుంటున్న సన్నటి ఈల, అంతే. నేను కొలపుల్ల చూస్తూ ఇంకో లీటరు, ఇంకో లీటరు పోస్తున్నాను. బావ బ్రేకు తొక్కి ఒకటో గేరులోకి లాగాడు. కారు ఒళ్లు విరుచుకున్నట్టు ఒక్కసారి వెనక వంగి నిలబడింది.

రెండు వారాలు ముందుకి దూకుదాం. డాలస్‌కి దక్షిణాన ఎన్నిస్. 1986లో తెరిచిన టెక్సాస్ మోటర్‌ప్లెక్స్. పావు మైలు పొడవునా కాంక్రీటే. 1988 ఏప్రిల్ 9న ఎడ్డీ హిల్ 4.990 సెకన్లలో దాటి, అయిదు సెకన్ల గోడని మొదటిసారి బద్దలుకొట్టింది ఈ నేల మీదే. మన అద్దం మీది అంకె వినయంగా ఉంటుంది: 11.20.

కంచె దగ్గరికి రండి, చెవుల్లో ఈ దూది పెట్టుకోండి. రబ్బరు కాలిన వాసన గొంతులోకి దిగుతుంది. బావ టైర్లు తిప్పి వేడి చేశాడు, తెల్ల పొగ మన మీదికొచ్చింది. గీత దగ్గరికి పాక్కుంటూ వచ్చి ఆగాడు. మీట నొక్కాడు. ఇంజను ఒక్కసారి 3,500 చుట్లకి లేచి, అక్కడే ఉడుం పట్టు పట్టినట్టు నిలబడి కొట్టుకుంటోంది. కారు వణుకుతోంది, చక్రాలు మాత్రం రాయి. పసుపు దీపం. అర సెకను. రెండోది. అర సెకను. మూడోది. ఆకుపచ్చ చూసి వదిలేవాడు ఎప్పుడూ ఆలస్యమే, మూడో పసుపు చూసే వదలాలి.

వదిలాడు. ముందు చక్రాలు తేలికయ్యాయి. మీ ఛాతీలో ఏదో తన్నింది. రెండో గేరు. మూడో గేరు. మధ్యలో సందు లేదు, మాన్యువల్లో వినిపించే ఆ ఊపిరి బిగింపు లేదు. ఒకటే గొంతు, దూరమైపోతూ.

11.22. తర్వాతి రౌండులో 11.21.

రాత్రి ఎనిమిదిన్నర, విజయవాడలో ఆదివారం పొద్దున్న ఏడు. ట్రెయిలరు అంచున కూర్చుని బావ వీడియో కాల్ చేశాడు. మావయ్య కాఫీ గ్లాసుతో తెర మీదికొచ్చాడు.

"ఏరా, ఫస్టొచ్చావా?"

"లేదు నాన్నా, రెండో రౌండులో పోయాను."

"బండేమైనా మొరాయించిందా?"

"లేదు. 11.20 అని రాశాను, రెండుసార్లూ దానికి ఆనుకునే వచ్చింది. నేనే బటన్ ఆలస్యంగా వదిలాను."

మావయ్య కాఫీ ఒక గుక్క తాగాడు. "బోల్టుతో లాగలేదు కదా?"

"లాగలేదు నాన్నా. మూడుసార్లూ విన్నాను."

"అయితే బండికి రిపేరేం లేదురా," అన్నాడు మేస్త్రీ, గ్లాసు కింద పెడుతూ. "డ్రైవర్ని మార్చుకో."